ఆత్మకి చావు లేనప్పుడు పడవ ఎందుకు?



కూర్మావతారం వీడియో చేశాక ఒక ఇంజినీరింగ్ కుర్రాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "ఆత్మ నశించదని గీతలో కృష్ణుడే చెప్పాడు కదండీ. మరి ఒక జంతుజాతి అంతరించిపోతే మనమెందుకు బాధపడాలి? ఆ జీవుడు ఇంకో శరీరంలో పుడతాడు, అంతేగా?" ఎగతాళికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన కళ్లెదుటి సంగతి. ప్రతి ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు మన గోదావరి తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్, ఉప్పాడ, ఇటు అంతర్వేది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి మనం వెళ్లే రోజులే అవి ఒడ్డెక్కే రోజులు కూడా. రాత్రిపూట ఇసుకలో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. ఆ రోజుల్లోనే చచ్చిపోయిన తాబేళ్లూ ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి.

వాటిని ఎవరూ పగబట్టి చంపట్లేదు. సముద్రంలో బతికినా తాబేలు ఊపిరి కోసం పైకి రావాల్సిందే. మరబోట్లు లాగే ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక చచ్చిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంది గానీ, తాబేళ్లు ఎక్కువగా వచ్చేది అంతకుముందే. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేవి ఒకటో రెండో అంటారు, అదీ పదేళ్లు దాటాకే. అందుకే ఒక తల్లి తాబేలు పోతే ఆ లోటు అంత తొందరగా పూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పెద్దపులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఇదీ ఉంది.

ఇక ప్రశ్న దగ్గరికొద్దాం. భాగవతంలో మత్స్యావతార కథ గుర్తు చేసుకోండి. ప్రళయం రాబోతోందని స్వామి సత్యవ్రతుడికి ముందే చెప్పి, పడవ వస్తుందన్నాడు. సప్తఋషులతో పాటు ఓషధులు, రకరకాల విత్తనాలు, సకల ప్రాణులతో అందులో ఎక్కమన్నాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆత్మలు ఎలాగూ మునగవు. మరి పడవ ఎవరి కోసం? విత్తనాల కోసం, శరీరాల కోసం. జీవుడు ఇంకో శరీరం తీసుకుంటాడన్నది నిజమే. కానీ తాబేలు శరీరమే లోకంలో లేకుండా పోతే, తాబేలుగా పుట్టే దారి ఇక్కడ మూసుకుపోయినట్టే. ఒక ప్రాణి చావడం వేరు, ఒక జాతి పోవడం వేరు. కృష్ణుడు ఆ మాట చెప్పింది అర్జునుడి శోకం పోగొట్టడానికి, బాధ్యత తప్పించడానికి కాదు. అది విని అర్జునుడు ఇంటికెళ్లి పడుకోలేదు కదా!

"నేనేం చంపట్లేదు, నాకెందుకు పాపం?" అని మీకు అనిపించొచ్చు. మన ధర్మశాస్త్రాలు పంచసూనలని ఐదింటిని చెప్పాయి: పొయ్యి, తిరగలి, చీపురు, రోకలి, నీళ్లకుండ. మనకి తెలియకుండానే ప్రాణులు పోయే చోట్లు అవి. తెలియక జరిగింది కాబట్టి వదిలేయమనలేదు. రోజూ పంచమహాయజ్ఞాలు చెయ్యమన్నాయి. అందులో ఒకటి భూతయజ్ఞం, అంటే తోటి ప్రాణుల వాటా వాటికి పెట్టడం. ఇవాళ మన పొయ్యి సముద్రం దాకా సాగింది. ప్లేట్లో రొయ్యల వేపుడు వెనకాల ఒక వల ఉండొచ్చు. రొయ్యలు తినని వాళ్లం కూడా ఊరికే తప్పించుకోలేం. బీచ్ రిసార్టు లైట్లు చూసి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు వెళ్లాల్సింది ఊరి వైపు పాకుతాయి.

మత్స్యకారులదే తప్పంటే సులువే గానీ న్యాయం కాదు. వలలో బిగించే ఊచల చట్రం ఉంది, టెడ్ అంటారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వలలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న దారిలోంచి బయటపడుతుంది. దాంతో పాటు కొంత చేపా పోతుందని బోటువాళ్ల భయం. టెడ్ లేని దేశాల రొయ్యలు వద్దని అమెరికా అంటే, మన దేశంతో కలిపి నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లాయి. 1998లో తీర్పు కూడా వచ్చింది. తాబేలుని కాపాడే ఖర్చు ఎవరు భరించాలన్న తగువు అంత దూరం వెళ్లిందన్నమాట. రోజు కూలి మీద బతికే మనిషి ఒక్కడే దాన్ని భరించాలనడం నాకు ధర్మంగా అనిపించదు. తినేవాళ్లు, అమ్మేవాళ్లు, ప్రభుత్వం, అందరూ పంచుకోవాలి.

ఈసారి కల్యాణానికి వెళ్తే రాత్రి ఇసుక మీద బండి నడపకండి, టార్చి వేయకండి. గుడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖకి చెప్పండి. రొయ్యలు కొనేవాళ్లు ఏ వలలో పట్టారని ఒక్కసారి అడగండి. ఇదే మన కాలపు భూతయజ్ఞం.

ప్రళయంలో పడవని లాగింది స్వామే. విత్తనాలు పోగుచేసి ఎక్కించే పని మాత్రం మనిషికే అప్పగించాడు.