ముసలివాని ముఖము

గోదావరికి ఉత్తరమున, ఇంద్రావతి పారు బస్తరు అడవిసీమలో గోండు, మురియా స్త్రీలు తరతరములుగా పచ్చబొట్లు పొడిపించుకొనుచు వచ్చిరి. దానిని అక్కడ గోద్నా అందురు. మసిని నూనెతో కలిపి, సూదులను కట్టగా కట్టి చర్మములోనికి పొడుతురు. వెండి కడియములు, పూసలదండలు మరణదినమున ఇతరుల పాలగును. గోద్నా ఒక్కటియే ఆత్మతోకూడ వచ్చునని తల్లులు కుమార్తెలకు చెప్పుదురు. ఈ నమ్మకమును అంగీకరింపనివారును అందలి ప్రశ్నను త్రోసివేయజాలరు. మనుష్యునితో నిలుచునది ఏది? అతని విడిచిపోవునది ఏది?

రాయపూరు, హైదరాబాదు వంటి నగరముల చర్మవైద్యశాలలలో నేడు మరియొక సూది కలదు. దాని పని గుర్తు వేయుట కాదు, గుర్తులు చెరుపుట. వయస్సు మీరినకొలది చర్మములో నీటిని పట్టి ఉంచు హయలురానిక్ ఆమ్లము తగ్గును. బుగ్గలు లోనికి పోవును, ముడుతలు పడును. ఆ ఆమ్లమునే చిక్కని జెల్లుగా చేసి చర్మము క్రిందికి ఎక్కించుదురు. దీనినే ఫిల్లరు అందురు. సాధారణముగా ఆరు మొదలు పదునెనిమిది నెలలలో అది కరగిపోవును. మరల సూది, మరల సొమ్ము. పొరపాటున రక్తనాళములో పడినయెడల చర్మము చచ్చుటయు, అరుదుగా చూపు పోవుటయు కలదు.

అయితే ఈ విద్య కేవలము డంబమునుండి పుట్టలేదు. 1893లో జర్మనీ వైద్యుడు నాయిబర్, వ్యాధి ముఖమున మిగిల్చిన గుంటను రోగి చేతినుండి తీసిన కొవ్వుతో పూడ్చెను. ముడుతల కొరకు పారఫిన్ ఎక్కించుకొనినవారు కొందరు ఇరువదవ శతాబ్దారంభమున గడ్డలతో వికృతులైరి. 2004లో అమెరికా ప్రభుత్వము, హెచ్‌.ఐ.వి. వలన బుగ్గలు కరగిపోయినవారి కొరకు ఒక ఫిల్లరును అనుమతించెను. తమ ముఖమే తమ రోగమును చాటగా జనులకు చాటైనవారికి అది తిరిగి వీధిలోనికి వచ్చు త్రోవయాయెను. దీనిని గర్వమనువాడు దయ నెరుగనివాడు.

ముడుత రోగము కాదు గదా! మరి దానిని చెరుపుకొనువారి సంగతి యేమి? వారిని వ్యర్థులని నిందించుట సులభము. లేవీయకాండము 19వ అధ్యాయమును తెరచినవారు సాధారణముగా 28వ వచనమును చూపుదురు. అది దేహమును చీరుకొనుటను, పచ్చబొట్లను నిషేధించుచున్నది. నాలుగు వచనముల తరువాత 32వ వచనము వృద్ధుని ముఖమును ఘనపరచుమని, నెరసిన తల యెదుట లేచి నిలువుమని చెప్పుచున్నది. ఈ ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడెను? ముడుతలు గలవానికి కాదు, అతనిని చూచువానికి.

ఇక్కడ తీర్పు దిశ మారుచున్నది. నెరసిన తలను చూచి పని నిరాకరించు యజమాని, భార్య వయస్సును పదిమందిలో ఎగతాళి చేయు భర్త, వేదికపై యౌవన ముఖములనే నిలిపి వృద్ధురాలిని వెనుక బల్లకు పంపు సంఘము, వీరందరును ఆ సూదిని పట్టుకొనిన చేతులే. బస్తరులోను అంతే. గోద్నా లేని కన్యకు పరువు తక్కువయను మాట ఆ నొప్పిని ఓర్పించెను. ఒక సూది గుర్తు వేయును, మరియొకటి గుర్తు చెరుపును. రెండింటికిని చుట్టునున్నవారి చూపే బలము.

ఆయినను చూపునకు లోబడువానికి బాధ్యత లేకపోలేదు. పరుల కన్నులకు తన ముఖమును తాకట్టు పెట్టినవాడు సంవత్సరము సంవత్సరము వడ్డీ కట్టవలెను. అసలు ఎన్నటికిని తీరదు. ఇది పాపపు పట్టికలో వ్రాయదగినదా అనుటకంటె, ఇది స్వాతంత్ర్యమా అని అడుగుట మేలు.

అడవిసీమ ముదుసలి చేతిమీది గోద్నా గీతలును కాలక్రమమున మసకబారును, చర్మముతోకూడ ముడుత పడును. చెరగనిదని పొడిచిన గుర్తునకే ముదిమి వచ్చును. కాబట్టి నిలుచునది చర్మములో వెదకదగినది కాదు. వచ్చు ఆదివారమున ఒక ముడుతపడిన ముఖము గుమ్మమున కనబడినప్పుడు, లేచి చోటిచ్చువాడెవడు? ఆ ఆజ్ఞ నేటికిని చూచువాని చెవినే పడుచున్నది.