నాదోపాసనలో తారతమ్యము

గుణమున్న చోట తారతమ్య విచారము పుట్టుట లోకసహజము. దాతలలో ఎవరు మిన్న, పండితులలో ఎవరు మిన్న, గాయకులలో ఎవరు మిన్న అని మానవుడు నిరంతరము ప్రశ్నించుచునే యుండును. ఈ ప్రశ్న దోషమా? భక్తుడైనవాడు ఇట్టి వాదములలో పాల్గొనవచ్చునా? పాల్గొన్నచో ఏ హద్దు దాటరాదు? ఒక వాద్యమును ఆధారముగా గొని ఈ విషయమును విచారింతము.

సాక్సొఫోను అను వాద్యమును మనవారు చాలకాలము పెండ్లి ఊరేగింపుల బ్యాండు మేళములందే వినియున్నారు. బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ దీనిని నిర్మించి, 1846లో పారిస్ నగరమున పేటెంటు హక్కును పొందెను. ఒడలు ఇత్తడిదే యైనను, దానికి ప్రాణము మాత్రము నోటియొద్ద అమర్చిన, రెల్లుజాతి కాడతో చేసిన పలుచని నాలుక. సైనిక వాద్యబృందములలో ప్రవేశించి, పిదప అమెరికాలోని నల్లజాతివారి జాజ్ సంగీతమున ఇది ఉన్నత స్థానమును పొందెను. దీనిని వాయించినవారిలో సర్వకాలములందును అగ్రగణ్యుడెవరు అను వాదము రసికులలో నేటికిని తెగలేదు.

కొందరు చార్లీ పార్కర్ (1920–1955) అందురు. మెరుపువంటి వేగముతో జాజ్ మనోధర్మమునకు క్రొత్త బాట వేసినవాడని వారి హేతువు. కొందరు జాన్ కోల్ట్రేన్ (1926–1967) అందురు. మత్తుపదార్థముల వ్యసనమునుండి 1957లో విముక్తుడై, అది దైవానుగ్రహమేనని నమ్మి, 1964 డిసెంబరులో ఒక సంగీత రచనను భగవంతునకు నివేదనగా ధ్వనిముద్రణము చేసినవాడాతడు. ఆతని భార్య ఆలిస్ కోల్ట్రేన్ అనంతర కాలమున కాలిఫోర్నియాలో ఆశ్రమము నెలకొల్పి మన భజనలను ఆలపించుట గమనింపదగినది.

దక్షిణదేశ రసికులు కద్రి గోపాల్‌నాథ్ పేరును స్మరింతురు. వారు దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలో 1949లో నాదస్వర విద్వాంసుల యింట జన్మించిరి. మైసూరు రాజప్రాసాదపు బ్యాండులో సాక్సొఫోను విని ముగ్ధులై దానినే స్వీకరించిరి. మంగళూరులో ఎన్. గోపాలకృష్ణ అయ్యర్ గారివద్దను, పిదప మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారివద్దను శిక్షణ పొందిరి. ఇందలి కష్టము సామాన్యమైనది కాదు. మీటలు గల ఈ వాద్యము నిర్ణీత స్వరములకై నిర్మింపబడినది. మన రాగమో, స్వరమునకు స్వరమునకు నడుమనున్న గమకములో జీవించును. పెదవుల పట్టుచేతను, ఊపిరి అదుపుచేతను వారు ఆ గమకమును ఇత్తడి గొట్టమునుండి రప్పించిరి. 1994లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలున బి.బి.సి. ప్రామెనేడ్ కచేరీలో వాయించిరి. 2004లో పద్మశ్రీ నందుకొనిరి. శ్రీ అహోబిల మఠమునకు ఆస్థాన విద్వాంసులుగా నుండి, 2019లో పరమపదించిరి. మన విజయనగరమున జన్మించిన శ్రీమతి కన్యాకుమారి వయొలిన్‌తో వారి వాద్యము జతగూడిన కచేరీలు ప్రసిద్ధములు.

నాదస్వర ప్రసక్తి వచ్చినది గనుక తెలుగువారు షేక్ చిన మౌలానా (1924–1999) గారిని మరువజాలరు. ఒంగోలు చేరువనున్న కరవదిలో ముస్లిం కుటుంబమున జన్మించి, దివ్యదేశమైన నాచ్చియార్‌కోయిల్ విద్వాంసులవద్ద తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగక్షేత్రమున స్థిరపడిరి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదముతో సత్కరించిరి.

ఈ నలువురిలో ఎవరు మిన్న? ఒకరిది వేగము, ఒకరిది నివేదన, ఒకరిది పరదేశ వాద్యమునకు మన రాగమును నేర్పిన సాహసము, ఒకరిది సంప్రదాయమును శిరసావహించిన నిష్ఠ. గజముతో బరువును, త్రాసుతో పొడవును కొలువగలమా? వాదము తెగకుండుటకు కారణము వాదించువారి మొండితనము మాత్రమే కాదు. కొలతలే వేరు.

అట్లయిన అందరును సమానులేనా, సుశ్రుతికిని అపశ్రుతికిని భేదము లేదా యని ఆక్షేపింపవచ్చును. ఆ మాట వివేకమునకే ముప్పు. భేదము తెలియనివాడు గురువునే యెన్నుకొనజాలడు. గీతాచార్యుడు సైతము విభూతియోగమున తారతమ్యమును చెప్పియున్నాడు. దేవర్షులలో నారదుడను తాననియు, గంధర్వులలో చిత్రరథుడను తాననియు వచించెను. కాని ఆ యధ్యాయపు ముగింపును గమనింపుడు. ఎచ్చట శ్రేష్ఠత కలదో అది తన తేజోంశమునుండి పుట్టినదేయని ఆయన తేల్చెను. భగవానుడు శ్రేష్ఠులను పేర్కొన్నది ఇతరులను తగ్గించుటకు కాదు, శ్రేష్ఠతకు మూలమును చూపుటకు. మన వాదములు సాధారణముగా ఆ ముగింపువరకు పోక నడుమనే ఆగిపోవుచున్నవి.

నారదుడు తుంబురునిపై ఈర్ష్య వహించిన కథ పురాణప్రసిద్ధము. జయింపవలెనను పట్టుదలతోనే ఆయన గానమభ్యసింప బూనెను. శ్రీకృష్ణుని యింట విద్య పూర్తియగు నాటికి ఆ ఈర్ష్యయే అణగిపోయినది. పోలిక ఆయనను శిష్యుని జేసినది. విద్య ఆయనను పోలికనుండి విడిపించినది. మేలైన తారతమ్య విచారమునకు ఇదియే గురుతు. అది వినువానిని మరింత సాధనకు పురికొల్పవలెను గాని కలహమునకు కాదు.

జగిత్యాల ప్రాంతమున ముత్యంపేట చేరువ కొండగట్టుపై వెలసిన ఆంజనేయస్వామిని సేవించు యాత్రికులు మరియొక గాథ నెరుగుదురు. హనుమంతుడు గానము చేయగా శిల కరగెననియు, దానిపై నుంచిన నారద తుంబురుల వీణలు శిల గట్టిపడగానే అందు చిక్కుకొనెననియు పెద్దలు చెప్పుదురు. ఇంతటి గాయకుడైనను ఆయన సన్నిధిలో ఎవరును "గాయకశ్రేష్ఠా" యని మ్రొక్కరు, రామదాసుడనియే మ్రొక్కుదురు. శేషత్వమే జీవునకు స్వరూపమని బోధించు మన సిద్ధాంతమునకు ఇంతకన్న దృష్టాంతము వేరొకటి అక్కరలేదు.

కావున రసికులు వాదింపవచ్చును. ఈ గుణమున ఈయన మిన్న, ఆ గుణమున ఆయన మిన్న యని గుణములను పోల్చవచ్చును. ఒకరిని పొగడుటకై మరియొకరిని నిందించుట మాత్రము తగదు. వాద్యము పరదేశమునుండి వచ్చినదనియు, వాదకుడు అన్యకులమున జన్మించెననియు తక్కువ చేయుట అంతకన్నను తగదు. భగవంతునకు నివేదింపబడిన నాదమును నిందించినవాడు నివేదనమునే నిందించినవాడగును. భాగవతాపచారమునకు పెద్దలు వెరచినది ఇందుకే. ఊదబడిన ఊపిరి ఎవరు ప్రసాదించినదో, ఎవరికి అర్పింపబడినదో తెలిసినవానికి శ్రేష్ఠులందరును ఒకే స్వామిని కీర్తించు సేవకులుగా వినవత్తురు.