సత్యకాముడి మొదటి ఏడాది

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో ఒక ప్రవేశ పరీక్ష ఉంది. ప్రశ్న ఒక్కటే: నీ గోత్రం ఏమిటి? అడిగినవాడు హారిద్రుమత గౌతముడు. చదువు చెప్పమని వచ్చి నిలుచున్నవాడు సత్యకాముడు. బయల్దేరేముందే ఆ కుర్రాడు అదే మాట తల్లిని అడిగాడు. పదిచోట్ల పనులు చేసుకుని బతికే వయసులో నిన్ను కన్నాను, గోత్రం నాకు తెలియదు, నా పేరు జబాల గనక సత్యకామ జాబాలుడినని చెప్పుకో అన్నదామె. కుర్రాడు ఆ మాటకు ఏమీ కలపలేదు, ఏమీ దాచలేదు. తెలియదనే గురువుకు చెప్పాడు. ఇంత నిజం పలికినవాణ్ని కాదనేదేముందని గౌతముడు చేర్చుకున్నాడు.

పార్వతీపురం మన్యం జిల్లా పాచిపెంట కొండ ఊళ్ల నుంచి యూనివర్సిటీ మెట్లెక్కే పిల్లలకు ఇది చాలా దగ్గరి కథ. 2019లో మంజూరైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం పక్కన కొండకరకాంలో, తాత్కాలిక ప్రాంగణంలో మొదలైంది. ఘాట్ రోడ్డు దిగి సాలూరు దాటితే ఆ దారే. మరికాస్త ముందుకు వెళ్తే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం. బస్సులో కొద్ది గంటలే గానీ, మనసుకు అది చాలా దూరం. కొందరికి ఇంట్లో కొండ భాషో కువియో, బడిలో తెలుగు, ఇప్పుడు క్లాసులో ఇంగ్లిషు. ఊరేదని హాస్టల్లో అడిగితే ‘సాలూరు’ అనేసి తప్పించుకోవాలనిపిస్తుంది. పాఠం అర్థం కాకపోయినా అందరితో పాటు తల ఊపాలనిపిస్తుంది.

ఆ తల ఊపకుండా ఉండగలగడమే మొదటి ఏడాది సాధన. ‘తెలియదు సార్, ఇంకోసారి చెప్పండి’ అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్నే ఉపనిషత్తు సత్యం అంది. తెలియనిదాన్ని తెలిసినట్టు నటిస్తే, అది తెలుసుకునే దారిని మన చేతులతో మనమే మూసుకున్నట్టు.

పెద్ద పండితులు కూడా ‘తెలియదు’ అనే ఈ మాటతోనే మొదలుపెట్టారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల భాష మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని, మాటమాటా అడిగి రాసుకుని, 1969లో దానికి వ్యాకరణం, పదకోశం వెలువరించారు. ఆ భాషకే కూబి అని మరో పేరు. తరవాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన పండితుడు ఆ పని చేసినన్నాళ్లూ కొండవాళ్లకు శిష్యుడు. అమ్మ మాట్లాడే భాషను హాస్టల్ గదిలో దాచుకునే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక సత్యకాముడి చదువు ఎలా మొదలైంది? గౌతముడు బక్కచిక్కిన నాలుగు వందల ఆవుల్ని అప్పగించి తోలుకుపొమ్మన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని శిష్యుడు మాటిచ్చాడు. ఏళ్లు గడిచాయి. ఒక పాఠం ఎద్దు చెప్పింది, ఒకటి అగ్ని, ఒకటి హంస, ఒకటి నీటిపక్షి. గొర్రెల్నీ మేకల్నీ అడవికి తోలిన కుర్రాడికి, కొండవాలులో పోడు చేసిన ఇంటి పిల్లకు ఇలాంటి చదువు కొంత ముందే అయిపోయి ఉంటుంది. ఏ వానకు ఏ విత్తనమో, ఏ ఆకు ఏ జబ్బుకో ఎరిగినవాళ్లు వట్టి చేతులతో వర్సిటీకి వస్తున్నారని ఎవరూ అనుకోనక్కర్లేదు. అయినా అడవి నుంచి వచ్చాక సత్యకాముడు ఇక నాకన్నీ వచ్చేశాయని అనలేదు. మీ నోట వినాలని ఉంది, చెప్పండని గురువును మళ్లీ అడిగాడు. వెంట తెచ్చుకున్నదాని మీద గౌరవం, ఇక్కడ దొరికేదాని మీద ఆకలి, ఈ రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి.

దైవం విషయంలోనూ అంతే, వెంట తెచ్చుకున్నది ఇక్కడా కలుస్తుంది. జనవరిలో మక్కువ మండలం శంబరలో పోలమాంబ సిరిమాను చూసినవాళ్లు, దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను కింద నిలబడితే అమ్మ కొత్తదనిపించదు. సిరిమాను ముందురోజు జరిగే తోలేళ్ల ఉత్సవం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

సత్యమంటే బాధను దాచకపోవడం కూడా. కులం పేరుతోనో యాస పేరుతోనో ఎవరైనా వేధిస్తే సహించడం తపస్సు కాదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేసి చెప్పడం కూడా నిజం పలకడమే.

ఈ కథకు కొనసాగింపు ఉంది. కాలక్రమంలో సత్యకాముడే గురువయ్యాడు. ఆయన దగ్గర ఉపకోసలుడనే శిష్యుడు పన్నెండేళ్లు అగ్నిని సేవించాడు. తోటివాళ్లందరినీ పంపేసి తనకు మాత్రం గురువు ఉపదేశం చేయకుండానే ప్రయాణమై పోవడంతో, దిగులు పడి అన్నం మానేశాడు. తినడం లేదేమని అడిగింది గురుపత్ని. నాలో కోరికలెన్నో, దిగులుతో నిండిపోయాను, తినలేనని చెప్పాడతను. మెస్‌కు రాని జూనియర్ తలుపు తట్టి, తిన్నావా అని అడగడం రెండో ఏడాదికి చేరిన ప్రతివాడూ చేయగల పూజ. దానికి మంత్రం రానక్కర్లేదు, గోత్రం తెలియనక్కర్లేదు.