సముద్రమునకు పగ లేదు

అమెరికా రచయిత స్టీఫెన్ క్రేన్ 1897లో ‘ది ఓపెన్ బోట్’ అను చిన్నకథను ప్రకటించెను. ఆ యేడు జనవరిలో ఫ్లోరిడా తీరమున ఆతడెక్కిన ఓడ మునిగిపోగా, నలుగురు ఒక చిన్న పడవలో మిగిలిరి. ఆ నలుగురిలో ఆతడొకడు. అందరికంటె బలముగా తెడ్లు వేసినవాడే తీరము చేరువలో మరణించెను.

సోదరులారా! కథలోని ఆ మనుష్యుల కోపమును గమనింపుడు. సముద్రము తమను ద్వేషించినచో నిందింపవచ్చును, కరుణించినచో ప్రార్థింపవచ్చును. అది రెండును చేయదు.

మన దేశమునందే, 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాటి ఆదివారపు ఉదయమున, సుమత్రా చెంత పుట్టిన భూకంపము వలన లేచిన సునామీ నికోబారు దీవులను ముంచెత్తెను. గ్రేట్ నికోబారు కొసనున్న ఇందిరా పాయింటు వద్ద నేల సుమారు 4.25 మీటర్లు క్రుంగెను. దీపస్తంభము నీటి నడుమ నిలిచెను. కారు నికోబారు తీరగ్రామములు తుడిచిపెట్టుకొని పోయెను.

అది వారి పూర్వకర్మమని కొందరనుట విని యున్నాను. పొడినేలపై కూర్చుండి పరుల కర్మమును లెక్కించుట నాకు క్రౌర్యముగా తోచును. మన సాంఖ్యులు ప్రకృతిని జడమనిరి. జడమునకు పగ యెక్కడిది? జాలి యెక్కడిది? (వారు పురుషుని సాక్షిమాత్రునిగా విడిచిరి, ఆ వాదము ఇప్పుడు వలదు.) జాలి పుట్టవలసినది ఎరుక గలవానియందు. క్రేన్ పడవలో పుట్టినది అదియే: గాయపడిన కెప్టెను మెల్లగా ఆజ్ఞలిచ్చుచుండ, ఒకడు తెడ్డు వేయుచుండ అలసినవాడు పడవ అడుగున, నీటిలోనే నిద్రించును.

కారు నికోబారులో ఈ పొత్తునకు ‘తుహెత్’ అని పేరు. అది పెద్ద ఉమ్మడి కుటుంబము. భూమియు, కొబ్బరితోటలును దానివే. ఇల్లు కొట్టుకొని పోయినను అందలి మనుష్యుడు ఏకాకి కాడు. అయితే ప్రభుత్వ పరిహారము తుహెత్తునకు గాక చిన్న కుటుంబములకు ముట్టెను. దాన ఆ బంధము సడలినదని అచ్చటి జీవనమును పరిశీలించినవారు వ్రాసిరి. ఇచ్చినవారి ఉద్దేశము చెడ్డది కాదు. కాని అల ఎవరినీ ఎరుగదు. పట్టిక వ్రాయువాడు అడిగి తెలిసికొనగలడు గదా!

క్రొత్తగా నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు దానిని నాటినవాడు ఎవరి పొయ్యి చెంత భుజించునో, ఆ లెక్కకు పట్టికలో గడి లేదు.