పేరు ముందా, నెత్తురు ముందా?

నడిగడ్డలో మాదో పల్లె. చేను గట్టున తల పగిలి పడి ఉన్న చాచాను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఎవరు కొట్టిందీ మాకూ తెలియదు.

"పేరేంది?" చెప్పాం. రాసేవాడు కలం ఆపి మమ్మల్ని చూశాడు. "ఏం లొల్లి చేసిండ్రు? పోలీసు కాయితం రావాలె." అమ్మీ దుపట్టా తడుస్తూనే ఉంది.

కాయితం కోసం ఆగొద్దు, ముందు ప్రాణం నిలపమని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సర్కారు డాక్టరుకైనా, ప్రైవేటు డాక్టరుకైనా అదే మాట. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో మెడికల్ కాలేజీలొచ్చాయి. మంచిదే. ఆ చూపు ఏ కాలేజీలో మారుతుంది?

మా సంగతీ చెప్పుకోవాలి. కొట్టింది మా దాయాదేనని, గెట్టు పంచాయితీయేనని తెలియగానే వరండాలో అందరం ఊపిరి పీల్చుకున్నాం. "అల్లా దయ, మనోడే" అన్నాడొకడు. చాచా నెత్తురింకా ఆగలేదు! కొట్టింది ఇంకొకరైతే తెల్లారి బజారులో ఏమయ్యేదోనని మా భయం. ఆ భయం అబద్ధం కాదు, ఎన్నో ఊళ్లు చూశాం. అయినా ఆ రాత్రి మేమూ రాసేవాడిలాగే నెత్తురు కన్నా ముందు పేరే అడిగాం.

చాచా బతికాడు. ఆ ఊరట సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.