మ్రోగని సైరను

2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నము చెంత ఆర్.ఆర్. వెంకటాపురములో ఒక కర్మాగారమునుండి స్టైరీను విషవాయువు వెలువడి, నిద్రించుచున్నవారిని చుట్టుకొనెను. 12 మంది మరణించిరి. ఆ కర్మాగారములో సైరను మ్రోగించుటకు 36 చోట్ల ఏర్పాటుండెను. ఒక్కచోటనైనను ఎవరును మ్రోగించలేదని ప్రభుత్వ విచారణ సంఘము తేల్చెను.

ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదని కావలివానిగూర్చి యెహెజ్కేలు 33వ అధ్యాయములో మనము చదివితిమి గదా.

నేడు మన పల్లెబిడ్డలు కంప్యూటరు చదువుకై విశాఖకు పోవుచున్నారు, మంచిదే. తెలిసిన సంగతిని తెలియవలసినవారికి చేర్చుటకే గదా ఆ విద్య! అబద్ధవార్తలు పంపవద్దని వారికి బోధించుచున్నాము. (ఫోనులో వచ్చినదెల్ల పంపువారు మన సంఘపెద్దలలోనే యున్నారు, అది వేరు మాట.) అయితే తెరమీద అపాయము కనబడినప్పుడు, ఉద్యోగము పోవునని జడిసి ఊరకుండవచ్చునా? ఈ ప్రశ్న ఏ పరీక్షలోను రాదు. మీ కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు అన్నము పెట్టి, నెమ్మదిగా అడుగుడి.