తల్లి చేతులు, మన చేతులు

నీ వ్రేళ్ల కొన కీళ్లయొద్ద గట్టి బుడిపెలు లేచినవా? నీ తల్లి చేతులును అట్టివేనా? ఇది ఎవరి పాపఫలమని వెదకకుము. ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ ఈ బుడిపెలు గౌటు కావని వ్రాసెను. ఆయన మరణానంతరము 1802లో ఆ గ్రంథమును కుమారుడు ప్రచురించెను. కీలులోని మృదులాస్థి అరిగి, ఎముక అంచు పెరుగుటచే ఇవి కలుగును. తరచుగా కుటుంబములలో, విశేషముగా స్త్రీలలో, వచ్చుచుండును.

అయితే తల్లిని నిందింతుమా? నొప్పిని ఆమె కోరి ఇయ్యలేదు. నాటువేయు నేర్పును, పిండి పిసుకు ఒడుపును ఆ చేతులతోనే కోరి నేర్పెను. కోరనిదానికి నేరము మోపి, కోరి ఇచ్చినదానిని మరచుట న్యాయమా?

నొప్పిని దాచి బింకము చూపకుము. గోరువెచ్చని నీటిలో చేతులుంచి వ్రేళ్లను మెల్లగా ఆడించుము. కొడవలి పిడికి, గరిటె కాడకు గుడ్డ చుట్టి లావు చేయుము. పనిని విడిచి విడిచి చేయుము. కీళ్లు వేడెక్కి వాచినను, ఉదయపు బిగువు చాలసేపు విడువకున్నను వేరు వ్యాధి కావచ్చును, వైద్యునికి చూపుము. బిందె ఎత్తలేనప్పుడు ప్రక్కవారిని పిలువుము.

రేపు నీ కుమార్తె వ్రేళ్లకును ఈ ముడులు రావచ్చును. సహాయమడుగుట సిగ్గు కాదని ఆమె నీయొద్ద చూచినయెడల, నొప్పితోకూడ దానిని మోయు విధమును నీవు ఆమెకు కోరి ఇచ్చెదవు.